స్ట్రాప్ బటన్ ఎక్కడ పడితే అక్కడ ఎందుకు బిగించకూడదు?

హాలో బాడీ గిటార్‌ని నిలబడి వాయించాలంటే పట్టీ కావాలి, దాన్ని తగిలించడానికి రెండు బటన్లు కావాలి. పక్కచెక్క అంతా ఖాళీయే కదా, అక్కడో స్క్రూ దిగ్గొడితే సరిపోదా? సరిపోదు. ఆ చెక్క మందం సుమారు 3 మిల్లీమీటర్లే. థ్రెడ్ పట్టుకోవడానికి అందులో చోటే లేదు, నాలుగు కుదుపులకే రంధ్రం వదులై చెక్క చీలుతుంది. పెట్టె లోపల గట్టి దిమ్మలు మామూలుగా రెండు చివర్లా ఉంటాయి: మెడ అతికిన చోట ఒకటి, తోక వైపు ఒకటి. (1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335కి నడుమ పొడవునా దిమ్మ ఉంది, అందుకే దాన్ని పూర్తి బోలు గిటార్ అనరు.)

తోక వైపు పేచీ లేదు. చిక్కంతా మెడ మొదట్లోని హీల్ దగ్గరే. దాని వెనక బిగిస్తే గిటార్ ముందుకు తూలుతుందంటారు. నిజమే, అందుకే హీల్ పక్కన, సన్నతీగల వైపు బిగించడమే మేలని నా అభిప్రాయం. అసలు రంధ్రమే వద్దు, తల దగ్గర తాడు కట్టుకుంటే పోలా? అరుదైన పాత గిటార్‌కైతే అదే న్యాయం, కానీ పట్టీ ఎడమచేతికి అడ్డొస్తుంది. బటన్ తల వెడల్పుగా ఉంటే పట్టీ జారదు. కింద ఫెల్ట్ బిళ్ల వేస్తే పాలిష్ చెడదు. థ్రెడ్ వదిలేసి స్క్రూ కాండం ఎంత లావో అంత బిట్‌తోనే రంధ్రం వెయ్యాలి, లోతు దాటకుండా బిట్‌కి టేపు చుట్టాలి. థ్రెడ్‌కి కాస్త సబ్బు రాస్తే స్క్రూ విరగకుండా దిగుతుంది. డ్రిల్ మాత్రం పెద్దవాళ్ల చేతికే ఇవ్వండి.