మన పేటలోని పుస్తకశాల

పుస్తకము కొనుట వేరు, పుస్తకము నెన్నుకొనుట వేరు. పేరు తెలిసిన గ్రంథమును ఎక్కడనుండియైనను తెప్పించుకొనవచ్చును. పేరైనను వినని గ్రంథము మన కంటబడుటకు మాత్రము ఒక చోటు కావలయును. అది గ్రంథాలయము కావచ్చును, పుస్తకాల అంగడి కావచ్చును. మన జిల్లా పట్టణములలో శాఖలు తెరచి, నాలుగైదు బీరువాలతో, ఒకరిద్దరు గుమాస్తాలతో నడచుచున్న చిన్న తెలుగు పుస్తకశాలలను గూర్చి ఇచ్చట ముచ్చటింపదలచితిని. అవి మహానగరములలోని అద్దాల అంగళ్లు కావు. లోపల ఒక పంకా తిరుగుచుండును. కూర్చుండుటకు ఒక ముక్కాలిపీట ఉన్న ఉండును, లేకున్న లేదు. ఐనను తెలుగు చదువుకొన్నవారికి అవి చేయు మేలు పెద్దది. ఆ మేలు ఎట్టిదో, అది నిలుచుటలో మన వంతు ఏమో ఉపాధ్యాయులును విద్యార్థులును ఆలోచింపవలసియున్నది.

తెలుగునాట పుస్తక విక్రయము మొదట అచ్చుకూటములను ఆశ్రయించియే పెరిగెను. 1854లో చెన్నపట్టణమున వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు స్థాపించిన ముద్రాలయము కాలక్రమమున వావిళ్లవారి పేరుతో శతకములను, ప్రబంధములను, పురాణములను పల్లెపల్లెకు చేర్చెను. అదే పట్టణమున 1844లో వెలసిన హిగ్గిన్‌బాథమ్స్ సంస్థ దక్షిణదేశపు రైల్వే స్టేషనులలో అంగళ్లు తెరచి, ఒకే పేరుతో పలుచోట్ల పుస్తకములమ్ము పద్ధతిని మనకు అలవాటు చేసెను. బందరునుండి ఎం. శేషాచలం అండ్ కంపెనీవారు ‘ఎమెస్కో’ పేరున చిన్న పరిమాణపు చౌక పుస్తకములను ప్రకటించి, ఇంటింటి గ్రంథాలయ పథకముతో గృహిణుల చెంతకును పుస్తకమును చేర్చిరి. దూరపు పల్లెలోని పంతులుగారు మాత్రము పట్టిక చూచి, కార్డు వ్రాసి, వి.పి.పి.లో పుస్తకము తెప్పించుకొనెడివారు. పొట్లము విప్పువరకు ఆ పుస్తకము ఎట్లుండునో వారికి తెలియదు. చేతబట్టి, పుటలు త్రిప్పి, నచ్చినచో కొనుట అను సౌకర్యము జిల్లా పట్టణములకు ఎక్కువగా శాఖల మూలముననే లభించెను.

ఈ శాఖలలో మన పాఠకులు బాగుగా ఎరిగినది విశాలాంధ్ర పుస్తకశాల. 1952లో విజయవాడనుండి ‘విశాలాంధ్ర’ దినపత్రిక వెలువడెను. ఆ పేరుతోనే పెరిగిన ప్రచురణాలయము పలు పట్టణములలో విక్రయశాలలను నెలకొల్పెను. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట తెలంగాణములోని శాఖలు ‘నవచేతన’ అను పేరు దాల్చినవి. ప్రజాశక్తివారి విక్రయశాలలును ఈ కోవలోనివే. ఇవి వామపక్షోద్యమమునుండి జన్మించినవైనను, వాని అరలలో ఆ పక్షపు రచనలు మాత్రమే ఉండవు. శతకమును, నిఘంటువును, బాలల కథలును, వ్యవసాయమును గూర్చిన పొత్తమును, ఇతర ప్రచురణకర్తల నవలలును అచ్చట సరసనే నిలిచియుండును. అవసరాల సూర్యారావుగారి కూర్పున గురజాడ రచనలును, కేతు విశ్వనాథరెడ్డిగారి సంపాదకత్వమున కొడవటిగంటి కుటుంబరావుగారి సాహిత్యమును సంపుటములుగా తెలుగువారికి అందినవి విశాలాంధ్ర ముద్రణలలోనే.

ఈ శాఖలు చేసిన మరియొక పనిని ఏబది ఏండ్లు దాటిన ఉపాధ్యాయులు నేటికిని తలచుకొందురు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయములు తెలుగులో అచ్చువేసి పంపిన గ్రంథములు అచ్చట మిక్కిలి చౌకగా దొరకెడివి. ఉప్పల లక్ష్మణరావుగారు, రాచమల్లు రామచంద్రారెడ్డిగారు వంటి సమర్థులు మాస్కోలో నివసించి అనువాదములు చేసిరి. టాల్‌స్టాయి, గోర్కీ, ఐత్మాతొవ్ కథలును, పెరెల్మన్ భౌతికశాస్త్ర వినోదములును గట్టి అట్టలతో పల్లెటూరి బాలుర చేతికి వచ్చినవి. వానిని వెదకికొనుచు ఎవరును పోలేదు. పెరెల్మన్ అను పేరు మా ఊళ్లలో ఎవరు వినియుండిరి? అరలో కనబడెను, వెల అందుబాటులో ఉండెను, కొనుక్కొంటిమి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమగుటతో ఆ రాక ఆగిపోయెను. అడుగని పుస్తకమును చూపించుటయే అంగడి చేయు మేలని నాకు తోచుటకు ఆ కాలమే మూలము.

ఇక పుస్తకమును ఎన్నుకొను పద్ధతిని గూర్చి కొన్ని మాటలు. అంగడికి పోయిన విద్యార్థి మొదట అట్టమీది బొమ్మను చూచును. పిదప వెల చూచును. ఆ రెంటికి నడుమ చూడవలసినది ముఖపత్రము వెనుకనున్న పుట. ముద్రణ సంవత్సరము, ఎన్నవ ముద్రణము, ఎన్ని ప్రతులు, ఎవరి ప్రచురణ అను వివరములు అచ్చటనే ఉండును. ‘కన్యాశుల్కము’ను తీసికొందము. గురజాడ అప్పారావుగారు దానిని 1897లో ఒక రూపమున ప్రకటించి, 1909లో మిక్కిలి పెంచి, మార్చి, రెండవ కూర్పుగా వెలువరించిరి. మనము సామాన్యముగా చదువునది, రంగస్థలమున చూచునది ఆ రెండవ కూర్పు. మొదటి కూర్పును చదివినవాడు రచయిత తన నాటకమును తానే ఎట్లు దిద్దుకొనెనో గ్రహించును. చేతిలోనిది ఏ కూర్పో చెప్పలేని విద్యార్థి ఆ నాటకమును గూర్చి పరీక్షలో వ్రాయు సమాధానమునకు పునాది ఎక్కడిది?

ప్రాచీన కావ్యము కొనునప్పుడు వేరొక పరీక్ష కలదు. మీకు కఠినముగా తోచిన పద్యమును ఒకదానిని ముందే మనసున ఉంచుకొని, ఆ పుట తెరచి చూడుడు. వ్యాఖ్యాత ఆ పద్యమున చిక్కుముడి విప్పెనా, లేక తెలిసిన మాటలకు అర్థము చెప్పి తెలియనిదానిని దాటిపోయెనా అనునది నిమిషములో తేలిపోవును. నిఘంటువు కొనునప్పుడు మన అవసరమేదో ముందు నిశ్చయించుకొనవలయును. కావ్యపఠనమునకు 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము తోడ్పడును. వాడుకమాటకు ఇంగ్లీషు అర్థము కావలసినవారికి 1852నాటి బ్రౌను నిఘంటువు నేటికిని ఉపకరించును. అనువాదమైనచో అనువాదకుని పేరు చూడుడు. మూలభాషనుండి చేసినదో, ఇంగ్లీషు మీదుగా వచ్చినదో పీఠికలో వెదకుడు. ఇట్లు వెదకుటకు పుస్తకము చేతిలో ఉండవలయును. పుటలు త్రిప్పుచున్నవానిని వారింపక, తన లెక్కలు తాను చూచుకొను గుమాస్తా దొరకుట ఈ చిన్న శాలల సౌభాగ్యము.

ఆ గుమాస్తాను గూర్చియు చెప్పవలయును. ఆయనకు పట్టము ఉండకపోవచ్చును. కాని ఏ పుస్తకము ఏ అరలో ఉన్నదో, ఏది అచ్చులో లేదో, దాని పునర్ముద్రణము ఎప్పుడు రాగలదో ఆయనకు కంఠస్థము. తన శాఖలో లేనిదానిని పొరుగుజిల్లా శాఖనుండి తెప్పించి ఉంచును. ఒకే సంస్థకు పలు శాఖలుండుటవలన కలిగిన లాభమిది. ఐనను ఒక చిక్కు కలదు. ఏ పుస్తకము ఎక్కడ కదలునో చూచి సంస్థ సరకు పంపును. ఏడాది గడచినను కదలని ప్రతి తిరిగి గిడ్డంగికి పోవును. ఆ ఖాళీలో పోటీపరీక్షల గైడ్లు వచ్చి కూర్చుండును. గైడ్లు అమ్మి అద్దె కట్టుకొను అంగడివానిని నిందింప పనిలేదు. అరలో ఏది నిలువవలయునో నిర్ణయించునది ఆ ఊరి పాఠకులే.

ఒక మారు మా కళాశాల బి.ఏ. విద్యార్థులను అట్టి శాఖకు తీసికొనిపోయితిని. వారిలో ఎక్కువమంది ఆ గడప తొక్కుట అదియే మొదలు. ముఖపత్రము వెనుక పుట చదువుమని చెప్పగా, ఒక విద్యార్థిని ‘ప్రతులు: 1000’ అను పంక్తికడ ఆగి, “సార్, తెలుగువాళ్లం ఇన్ని కోట్లమంది ఉన్నాం కదా, వెయ్యి పుస్తకాలేనా?” అని అడిగెను. ఆ ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేదు. 2011 జనగణన ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలమంది. వారి భాషలో వెలువడిన ఒక మంచి కథాసంపుటము వేయి ప్రతులు అచ్చయి, అవి చెల్లుటకు ఏండ్లు పట్టుచున్నవి. ఆ బాలిక ఆనాడు ఆ సంపుటమునే కొనెను.

కొందరు వెల ఎక్కువయనుచుందురు. లెక్క చూతము. ఒక పుస్తకము వెల 150 రూపాయలనుకొందము. అందులో సుమారు మూడవ వంతు, అనగా 50 రూపాయలు, అమ్మువాని వంతు. మనము నూటికి పది తగ్గింపుమని పట్టుబట్టినచో అందులో 15 రూపాయలు పోవును. మిగిలిన 35తో అద్దె, జీతము, విద్యుత్తు గడవవలయును. 2017లో వచ్చిన జి.ఎస్.టి. విధానమున అచ్చు పుస్తకముపై పన్ను లేదు; కాని దానికి వలసిన కాగితముపై కలదు. వేయి ప్రతుల ముద్రణలో ఒక్కొక్క ప్రతికి పడు ఖర్చు పదివేల ప్రతులలో పడునదానికంటె చాల హెచ్చు. కావున వెల తగ్గవలెనన్నను కొనువారే పెరుగవలయును.

ఫోనులో ఒక మీట నొక్కిన పుస్తకము ఇంటికి వచ్చుచుండగా అంగడి ఏల అని విద్యార్థులు అడుగుదురు. ఆ సౌకర్యము మంచిదే. మారుమూల గ్రామమునందున్నవారికి, దూరదేశమునందున్న తెలుగువారికి అది వరమువంటిది. కాని ఆ మార్గమున మనము పేరు చెప్పినదియే వచ్చును. లేదా మనము వెనుక కొన్నదానిని పోలినది చూపబడును. కథలు కొనువానికి కథలే కనబడును. అంగడిలో కథల సంపుటమునకై చేయి చాచినప్పుడు ప్రక్కనున్న శాసనముల చరిత్ర వ్రేలికి తగులును. ఆ తగులుటలోనే పెక్కుమంది చదువు త్రోవ మరలినది.

తపాలా త్రోవయు నేడు మునుపటివలె లేదు. రచయితలకును చిన్న ప్రచురణకర్తలకును ఆధారమైయుండిన రిజిస్టర్డు బుక్‌పోస్టు సౌకర్యమును 2024 డిసెంబరులో తపాలాశాఖ నిలిపివేసెను. పిమ్మట 2025 మే 1నుండి ‘జ్ఞాన్ పోస్ట్’ అను పేరున విద్యాగ్రంథములకు ప్రత్యేక సేవ ఆరంభమయ్యెను. ఆరంభమున నిర్ణయించిన రుసుము, పన్నులు గాక, 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు. ఒక్క చిన్న పుస్తకము తెప్పించుకొనువానికి ఈ ఖర్చు వెలపై అదనము. బజారుకు పోయినప్పుడు ఆగి కొనుక్కొనువానికి అదియు లేదు.

ఏటేట జనవరిలో విజయవాడలో జరుగు పుస్తక మహోత్సవమునకు పోయి సంచులు నింపుకొని వచ్చు ఉపాధ్యాయులు పలువురు కలరు. అది సంతోషింపదగినదే. ఉత్సవము కొన్ని దినములతో ముగియును. మన పేటలోని శాఖ తక్కిన దినములన్నియు తెరచియుండును. ఉత్సవమున కొన్నదానిలో నాలుగవ వంతైనను ఏడాది పొడవున ఇచ్చట కొన్నచో ఆ శాఖ నిలుచును.

ఉపాధ్యాయ సోదరులకు, సోదరీమణులకు ఒక మనవి. మన పాఠశాలలలో ఆగస్టు 15నాడు, జనవరి 26నాడు పోటీలలో నెగ్గిన పిల్లలకు స్టీలు గ్లాసులు, పళ్లెములు బహుమతులుగా ఇచ్చుచున్నాము. ఇంటిలో ఆ పళ్లెము పదింటిలో ఒకటైపోవును. ఆ సొమ్ముతోనే పుస్తకము కొనవచ్చును. అదియైనను మనమే ఏరి తెచ్చి, కాగితము చుట్టి ఇయ్యక, నెగ్గిన బాలుని అంగడికి తీసికొనిపోయి, “ఇంత వెలలో నీకు నచ్చినది తీసుకో” అని వదలివేయుడు. వాడు అరగంట తచ్చాడును. రెండు తీసి ఒకటి పెట్టును. చివరకు మనము ఊహింపనిదానిని పట్టుకొని వచ్చును. అట్లు తెచ్చుకొన్నది వాడు తప్పక చదువును.

విద్యార్థులకు చెప్పునది ఇంకను చిన్నమాట. నెలకొక మారు ఆ శాఖకు పొండు. కొనినను కొనకపోయినను ఒక బీరువా పూర్తిగా చూడుడు. ఏడాదికి రెండుసార్లు మాత్రము, ఎవరును సిఫారసు చేయని, పాఠ్యప్రణాళికలో లేని పుస్తకము నొకదానిని మీ డబ్బుతో కొనుడు. మీరు కొన్న ప్రతి ఉన్నచోట మరియొక ప్రతి వచ్చి నిలుచును. రేపు మరియొకని చేతికి అది తగులును.