సాగరగర్భమున ఒక విమానము

వేసవిలో ఊరి దిగుడుబావిలో మునకలు వేసినవారికి రెండు సంగతులు అనుభవమే. లోతునకు పోయినకొలది చెవులు నొచ్చును. ఊపిరి బిగబట్టగలిగినంతసేపే లోపల ఉండగలము. వీనిలో మొదటిది సముద్రమునకును వర్తించును. రెండవ అలవాటు మాత్రము, వీపున గాలితొట్టి ధరించి మునుగువానికి ప్రాణాంతకము. ఎందుచేతనో ఒక ఉదాహరణముతో చూతము.

పాపువా న్యూగినీ దేశమునకు చెందిన న్యూబ్రిటన్ ద్వీపమున కింబే అఖాతము గలదు. 2000వ సంవత్సరము జనవరిలో, సముద్రదోసకాయలకై మునిగిన స్థానికుడొకనికి అచట 15 మీటర్ల లోతున, అనగా ఇంచుమించు తాటిచెట్టెత్తు నీటిక్రింద, ఒక విమానము కనిపించినది. అది జపానువారి 'జీరో' యుద్ధవిమానము. 1943 డిసెంబరు 26న అమెరికను సేనలు ఆ ద్వీపపు పడమటి కొననున్న గ్లోస్టర్ అగ్రమున దిగినవి. నాటి పోరులోనే ఇది నీటిపై వాలినదని భావించుచున్నారు. రెక్కలును దేహమును చెదరకుండుటచే, చోదకుడు దానిని మెల్లగా దించెనని ఊహింపవచ్చును.

క్రొత్తగా శిక్షణ పొందినవారికి సాధారణముగా 18 మీటర్లు హద్దు. ఈ విమానము ఆ హద్దునకు లోపలనే ఉన్నది. ఒకే మనిషి కూర్చుండు విమానమగుటచే, లోపల ప్రవేశించి దారితప్పు ఇరుకుగదులును లేవు.

అయినను అపాయము లేకపోలేదు. ప్రతి 10 మీటర్ల లోతునకు, మనపై గాలి మోపు ఒత్తిడియంత ఒత్తిడి అదనముగా చేరును. కనుక 15 మీటర్లవద్ద మొత్తము ఒత్తిడి పైనున్నదానికి రెండున్నర రెట్లు. తొట్టినుండి అందు గాలియు అంత ఒత్తిడితోనే ఊపిరితిత్తులను నింపును. దానిని బిగబట్టి పైకి వచ్చినచో, అది రెండున్నర రెట్లు వ్యాకోచింపజూచును, ఊపిరితిత్తులు చిరుగును. బావిలో మునుగువాడు పైనుండి తీసికొనిపోయిన ఊపిరి మరల పైకి వచ్చుసరికి మొదటి పరిమాణమునకే చేరును గనుక అతనికి ఆ భయము లేదు. అందుచే ఇచట ఊపిరి ఎన్నడును ఆపరాదు. తొందరపడి పైకి రారాదు. దిగునప్పుడు చెవులు నొవ్వకమునుపే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదవలెను.

మరొక నియమము విమానమును కాపాడుటకు. దాని పైరేకు పలుచని అల్యూమినియపు మిశ్రలోహము. చేయి మోపినను విరుగవచ్చును. ఎనుబదియేండ్లు ఉప్పునీరు మిగిల్చినదానిని, జ్ఞాపికకని తలకొక ముక్క తీసినచో, కొలదియేండ్లలో చూచుటకేమియు మిగులదు. కనులార చూచి, వట్టిచేతులతో తిరిగివచ్చుటయే మర్యాద.