మంత్రసాని పని ఎవరిది, మిడ్‌వైఫ్ ఉద్యోగం ఎవరిది?

కోయిలకుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్లున్నవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలోనే పుట్టారు. పురుడు పోసింది మంత్రసాని. ఊరిని బట్టి ఆమె మంగలి ఇంటి మనిషి, చాకలి ఇంటి మనిషి, లేదా మాలగేరి, మాదిగగేరి నుంచి వచ్చిన మనిషి. బొడ్డు కోయడం, మాయ పాతిపెట్టడం, నెత్తుటి గుడ్డలు ఉతకడం, అందరూ మైల అనుకున్న పనంతా ఆమెదే. కూలి చేటెడు జొన్నలు, ఒక పాత చీర. పురిటిస్నానం అయ్యాక బాలింత వంటింట్లోకి వెళ్లేది, మంత్రసాని మాత్రం గడప బయటికి వెళ్లేది.

ఇది రాయలసీమ సంగతి మాత్రమే కాదు. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లాలో 1980లలో పరిశోధన చేసిన పాట్రీషియా, రోజర్ జెఫరీలు కూడా ఇదే చూశారు. అక్కడ దాయీ పని చేసేది ఎక్కువగా దళిత, పేద కులాల స్త్రీలు. ఆ పనిలో అన్నిటికంటే నీచంగా చూసేది బొడ్డు కోయడాన్నే. మంత్రసానిని మూలికల జ్ఞాననిధిగా పొగిడే వ్యాసాలు ఈమధ్య ఎక్కువగా వస్తున్నాయి. ఆమె నేర్పు నిజమే. కానీ ఆ పని ఆమె ఎంచుకున్నది కాదు, కులం అప్పగించింది. ఆ మాట రాయకుండా పొగడటం నాకు నచ్చదు.

కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1926లో, నర్సులు, మిడ్‌వైఫ్‌ల నమోదుకు చట్టం వచ్చింది. నమోదుకు శిక్షణ కావాలి, శిక్షణకు చదువు కావాలి. బడి గడప తొక్కనివ్వని కులాల ఆడవాళ్లకు ఆ రిజిస్టర్‌లో చోటెక్కడిది? 2005లో జననీ సురక్షా యోజన వచ్చాక కాన్పులు వేగంగా ఆసుపత్రులకు మారాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. తల్లుల ప్రాణాలకు అది మేలే. అయితే అదే సర్వేలో సిజేరియన్లు ఆంధ్రలో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం.

కోతలు ఇంతగా పెరిగాక ప్రభుత్వాలకు మిడ్‌వైఫ్ మళ్లీ గుర్తొచ్చింది. సాధారణ కాన్పును తన బాధ్యతతో చేసి, చిక్కు వస్తే డాక్టర్‌కు అప్పగించే నిపుణురాలు ఆమె. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్‌లతో కలిసి 30 మంది నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చి, ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే 18 నెలల కోర్సు తెచ్చింది.

ఈ కోర్సులోకి ఇంటర్ నుంచి నేరుగా వెళ్లలేరు. ముందు జీఎన్ఎం (మూడేళ్లు) గానీ బీఎస్సీ నర్సింగ్ (నాలుగేళ్లు) గానీ పూర్తిచేసి నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు కావాలి, ఆపైన కాన్పుల వార్డులో రెండేళ్లు పనిచేసి ఉండాలి. బీఎస్సీకి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి, 45 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 చాలు. జీఎన్ఎంకు ఏ గ్రూపైనా పనికొస్తుంది.

మన పిల్లలు పొరబడేది ఏఎన్ఎం దగ్గరే. పేరులో మిడ్‌వైఫ్ ఉంది, కోర్సు రెండేళ్లే, ఖర్చూ తక్కువ. కానీ 1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫార్సుతో ఏఎన్ఎం ‘బహుళార్థ ఆరోగ్య కార్యకర్త’ అయింది. అప్పటినుంచి ఆమె చేతికి టీకాలు, సర్వేలు, రిజిస్టర్లు ఎక్కువై కాన్పులు తగ్గిపోయాయి. ఏఎన్ఎంగా నమోదైనవాళ్లు జీఎన్ఎంలో చేరొచ్చు కాబట్టి దారి మూసుకుపోలేదు. చుట్టుదారి, అంతే.

కోయిలకుంట్ల అమ్మాయి నర్సింగ్ చదవాలంటే నంద్యాలకో కర్నూలుకో వెళ్లాలి. ప్రైవేటు కాలేజీ ఏజెంట్లు ‘చేరండి, స్కాలర్‌షిప్ వస్తుంది’ అంటారు. ఆ మాట నమ్మి సంతకం పెట్టొద్దు. సీటు కన్వీనర్ కోటాలోదా, మేనేజ్‌మెంట్ కోటాలోదా అన్నది కాగితం మీద చూసుకోవాలి. ఎస్సీ విద్యార్థుల కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షలు దాటకూడదు, కాబట్టి ఆదాయ, కుల ధ్రువపత్రాలు ముందే చేయించుకోవాలి. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే కాలేజీలున్నాయి. ఒంటరిగా వెళ్లి అడిగే అమ్మాయి కంటే వెనక విద్యార్థి సంఘం ఉన్న అమ్మాయి మాట వాళ్లకు తొందరగా వినబడుతుంది.

ఇదంతా దాటి ఉద్యోగం వచ్చినా, 18 నెలల శిక్షణకు ఏ నర్సును పంపాలో ఆరోగ్యశాఖే ఎంపిక చేస్తుంది. ఆ జాబితాల్లో ఎస్సీ నర్సులు ఎందరున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. అడగాల్సింది ఇంకొకటి కూడా ఉంది. ఏ ప్రభుత్వాసుపత్రిలోనైనా కాన్పుల గది నేల మీది నెత్తురు కడిగేది, మాయ ఎత్తేది కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు. ఆమె ఏ గేరి నుంచి వచ్చిందో అడిగి చూడండి. మంత్రసాని పనిలో నేర్పుకు జీతం, సర్టిఫికెట్ వచ్చాయి. కడుగుడు మాత్రం ఏజెన్సీ ఇచ్చే నెలకూలికి పాత ఇళ్లకే మిగిలింది. ఆ కార్మికురాలి కూతురికి జీఎన్ఎం సీటు, హాస్టల్, ఫీజు హామీ ఇవ్వాలని జిల్లా సాంఘిక సంక్షేమ శాఖకు అర్జీలు పెట్టొచ్చు. అడ్మిషన్లు మొదలుకాకముందే పెట్టాలి.