పని గోరంత.. మోత కొండంత!

తెరిచింది ఒక్క వర్డ్ ఫైలు, పక్కన ఓ వార్తల సైటు. అంతమాత్రానికే ల్యాప్‌టాప్‌లో ఫ్యాను హోరెత్తిపోతుంది, కీబోర్డు పై వరస చురుక్కుమంటుంది. 'పాతబడింది, మార్చేయండి' అని ఇంట్లో కుర్రాళ్లు తీర్పు చెప్పేస్తారు. తొందరేం లేదు. చాలావరకు ఈ రోగానికి మూలాలు రెండే. మనకు తెలియకుండా లోపల ఏదో పని నడుస్తూ ఉండాలి, లేదా పుట్టిన కాస్త వేడీ బయటికి పోలేక ఉండాలి. ఏదన్నది తేల్చుకోకుండా షాపుకెళ్తే, జబ్బు ఒకటీ బిల్లు ఇంకొకటీ అవుతుంది.

తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సీపీయూ అన్న చోట క్లిక్ చేసి, చేతులు తీసేసి రెండు నిమిషాలు చూడండి. ఖాళీగా ఉన్న యంత్రంలో ఆ అంకె పది శాతం లోపు ఆడాలి. నలభై దగ్గర తిష్ఠ వేసిందంటే ఇంటిదొంగ ఆ జాబితాలో పై వరసలోనే ఉంటాడు. ఎక్కువసార్లు అది బ్రౌజరే. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ తింటోందో విడివిడిగా చూపిస్తుంది. యాంటీవైరస్ స్కానింగో, అప్‌డేట్ తర్వాతి ఇండెక్సింగో అయితే చార్జర్ పెట్టి వదిలేయండి. అది తన పని తాను ముగించుకుంటుంది.

అంకె తక్కువే, అయినా మోత తగ్గలేదా? అయితే గాలి సంగతి చూడాలి. చాలా మోడళ్లు గాలిని అడుగునుంచే పీల్చుకుంటాయి. పరుపు మీద పెడితే ముక్కు మూసినట్టే. అట్ట మీద పెట్టినా చాలు. కూలింగ్ ప్యాడ్ కొనే ముందు లోపల ఏముందో చూడటం మేలు. అడుగు మూత తీస్తే ఫ్యాను రెక్కలు శుభ్రంగానే కనబడతాయి, దాంతో పైపైన తుడిచి మూసేస్తారు. అసలు చెత్త ఉండేది ఫ్యానుకూ, గాలి బయటికి పోయే సన్నని లోహపు పలకలకూ మధ్య. దుమ్ము, వెంట్రుకలు, దూది నూగు కలిసి అక్కడ కంబళి ముక్కలా అట్టకట్టి ఉంటాయి. దాన్ని చిమటాతో లాగితే ఒకే ముక్కగా ఊడి వస్తుంది. బ్లోయర్ కొడితే మాత్రం ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే బేరింగు పాడవుతుంది. వారంటీ ఉంటే ఈ పని సర్వీస్ సెంటర్‌కే వదిలేయండి. నాలుగైదేళ్లు దాటిన యంత్రమైతే ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు కూడా ఎండిపోయి ఉండొచ్చు.

ఎండాకాలం లెక్క వేరు. చాలా కంపెనీలు గది వేడి 35 డిగ్రీలు దాటకూడదంటాయి. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో ఫ్యాను అరిస్తే అది జబ్బు కాదు. వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోకి వెళితే ప్రాసెసరే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి కాలిపోతుందన్న భయం అక్కర్లేదు.

ఇంకో చిట్కా. చిన్న పనికీ ప్రాసెసర్ ఒక్కసారిగా టర్బో వేగం అందుకోవడమే కొన్నిట్లో ఈ హోరుకు కారణం. పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి దించితే సాధారణంగా టర్బో ఆగిపోతుంది. టైపింగుకీ మెయిళ్లకీ తేడా దాదాపు తెలియదు. కొన్ని కొత్త మోడళ్లలో ఆ సెట్టింగు కనిపించదు, వాటిలో కంపెనీ యాప్‌లో సైలెంట్ మోడ్ ఉందేమో చూడండి.

వినిపించేది గాలి హోరు కాక గరగరమంటే ఫ్యానే మార్చాలి. ట్రాక్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, బల్ల మీద అడుగు సమంగా ఆనకపోయినా అది బ్యాటరీ ఉబ్బడం కావచ్చు. అప్పుడు ఫ్యాను సంగతి పక్కనపెట్టి, చార్జర్ పీకి, ఆపేసి, నొక్కకుండా గుచ్చకుండా మెకానిక్‌కు అప్పగించండి.