తుమ్మచెట్టు క్రింది ప్రతిజ్ఞ

మొదటి దినమున కూలిలో నూటికి 35 చొప్పున హెచ్చు. రెండవ దినమున నూటికి 20. మూడవ దినము మొదలుకొని మధ్యవర్తి తీర్పు వెలువడువరకు నూటికి 27½. ఇది లెక్కల పంతులు బాలురకు సరాసరి నేర్పుటకై కల్పించిన ప్రశ్నవలె నున్నది గాని, నిజమునకు 1918వ సంవత్సరము మార్చి 18వ తేదీన అహమ్మదాబాదు నగరమున మిల్లు యజమానులకును నేతపనివారికిని కుదిరిన ఒడంబడిక. ఇరుపక్షములవారును పట్టుబట్టి కూర్చుండిరి. పనివారు 35కు తగ్గమనిరి. యజమానులు 20కి మించమనిరి. కావున ఒకరి మాట ఒకనాడు, ఇంకొకరి మాట మరునాడు చెల్లించి, ఆపైన నడుమ నిలిచిరి. వినుటకు నవ్వు వచ్చునట్టి ఈ యేర్పాటు వెనుక మూడు వారములకు మించిన పస్తులును, గాంధీజీ ఉపవాసమును, ఆ ఉపవాసమును గూర్చి వారు తమ్ము తాము తప్పుపట్టుకొనుటయు కలవు.

1917వ సంవత్సరమున వానలు మెండుగా కురిసినవి. ఆ వెనుక అహమ్మదాబాదున ప్లేగు వ్యాపించెను. జనము నగరము విడిచి పోజొచ్చిరి. పనివారును పల్లెలకు తరలిపోవుదురేమో యని యజమానులకు భయము కలిగెను. అది యుద్ధకాలము, సీమబట్ట రాక తగ్గి దేశపు బట్టకు గిరాకి హెచ్చిన సమయము. మగ్గము ఆగినచో లాభము ఆగును. కావున ప్రాణభయము మాని పనిలో నిలిచినవారికి ప్లేగు బోనసు అను పేర కూలికి అదనముగా కొంత చెల్లించిరి. కొన్నియెడల అది కూలిలో నూటికి 70, 80 వరకు ఉండెను. పడుగు విభాగమువారికి మాత్రము అది దక్కలేదు. తమ గోడు చెప్పుకొనుటకు వారు అనసూయాబెన్ వద్దకు పోయిరి.

1918 జనవరి నాటికి ప్లేగు తగ్గుముఖము పట్టెను. ఇక బోనసు అక్కరలేదని యజమానులు తలచిరి. ప్లేగు పోయినది గాని ధరలు దిగలేదు గదా యని నేతపనివారు మొరపెట్టిరి. యుద్ధము వలన ధాన్యము, గుడ్డ, సమస్తమును ప్రియమైనవి. కూలి నూటికి 50 హెచ్చింపవలయునని వారి కోరిక.

అనసూయా సారాభాయి 1885లో జన్మించెను. చిన్ననాటనే తల్లిదండ్రులను కోల్పోయెను. బాల్యవివాహపు బంధము నుండి వెలువడి, 1912లో ఇంగ్లండు వెళ్లి చదువుకొని, అచటి సంఘసేవను కన్నులార చూచి వచ్చెను. మిల్లులో ముప్పదియారు గంటలు ఎడతెగక పనిచేసి, కాళ్లీడ్చుకొనుచు ఇండ్లకు మరలుచున్న స్త్రీలను ఒకనాటి ఉదయమున చూచి, తన జీవితము వారి కొరకే యని నిశ్చయించుకొనెనట. పనివారి బిడ్డలకు బడి పెట్టెను. ఆమె తమ్ముడు అంబాలాల్ సారాభాయి కాలికో మిల్లు అధిపతి, యజమానుల పక్షమునకు నాయకుడు. అక్క పనివారి పక్షము, తమ్ముడు యజమానుల పక్షము! పురాణమున చదివినచో కల్పన యనుకొందుము.

గాంధీజీ స్థితియు సులభమైనది కాదు. 1915లో వారు తమ ఆశ్రమమున ఒక అస్పృశ్య కుటుంబమును చేర్చుకొనగా దాతలు ముఖము చాటువేసిరి. ఆశ్రమము మూతపడవలసిన సమయమున ఒక శేఠు మోటారుకారులో వచ్చి 13,000 రూపాయలు చేతిలో పెట్టి వెడలిపోయెను. గాంధీజీ తమ ఆత్మకథలో ఆయన పేరు చెప్పలేదు. ఆ శేఠు అంబాలాలేయని తరువాతి చరిత్రకారులు వ్రాసిరి. అట్టి ఉపకారికి ఎదురుగా నిలువవలసి వచ్చినది.

మొదట తగవు తగవుగా ముదరలేదు. పంచాయతికి ఇరువురును సమ్మతించిరి. పనివారి తరఫున గాంధీజీ, వల్లభభాయి పటేలు, శంకర్‌లాల్ బాంకర్. యజమానుల తరఫున అంబాలాల్ మొదలగు ముగ్గురు. అధ్యక్షుడుగా జిల్లా కలెక్టరు. ఇంతలో కొన్ని మిల్లులవారు తొందరపడి సమ్మె కట్టిరి. పనివారిది పొరపాటని గాంధీజీ ఒప్పుకొనిరి. అయినను యజమానులు పంచాయతి భగ్నమైనదని ప్రకటించి, 20కి ఒప్పుకొననివారికి పని లేదని, ఫిబ్రవరి 22న మిల్లుల తలుపులు మూసివేసిరి.

పనివారు అడిగిన 50ని గాంధీజీ కండ్లు మూసికొని బలపరుపలేదు. మిల్లుల స్థితియు, బొంబాయిలోని కూలిరేట్లును, పనివారి ఇంటి ఖర్చులును విచారించి, యజమానుల అభిప్రాయమును గూడ కోరిరి. వారు సాయపడలేదు. తుదకు 35 న్యాయమని తేల్చి, పనివారిని తమ కోరిక తగ్గించుకొనుటకు ఒప్పించిరి. సంఘ నాయకుడు తన పక్షమువారి కోరికను తానే తగ్గించుట ఎన్నడోగాని జరుగదు.

అయితే తగవంతయు 35కును 20కిని నడుమ గల అంతరమును గూర్చి మాత్రమే యనుకొనుట పొరపాటు. యజమానుల వాదమును గాంధీజీ ఆత్మకథలో తెలిపిరి. పనివారికిని తమకును గల సంబంధము బిడ్డలకును తలిదండ్రులకును గల సంబంధము వంటిది. నడుమ మూడవవాడు కల్పించుకొనుటను ఎట్లు సహింతుము అని వారి మాట. కపటముతో పలికిన మాటయని దానిని త్రోసివేయరాదు. అంబాలాల్ వంటివారు దానిని నమ్మియే పలికిరి. కాని తండ్రి బిడ్డను పనిలోనుండి తీసివేసి తలుపు మూయడు. ఇచ్చినది పుచ్చుకొనువానికిని, ఇంత నాకు రావలయునని అడుగువానికిని గల భేదమే ఇచట ప్రశ్న. మధ్యవర్తిని ఒప్పుకొనుట యనగా పనివాడు తనతో సమానుడైన వ్యవహర్త యని ఒప్పుకొనుట. 35 ఇచ్చుటకంటె అది యజమానులకు కష్టముగా తోచినది.

సబర్మతి ఒడ్డున ఒక తుమ్మచెట్టు క్రింద ప్రతిదినమును సభ జరుగుచుండెను. వేలకొలది పనివారు వచ్చుచుండిరి. 35 లభించువరకు పనికి పోము; దౌర్జన్యము చేయము; పనికి పోవువారిని బాధింపము; భిక్షపై ఆధారపడము; వేరు కష్టము చేసి పొట్ట పోసికొందుము అని ప్రతిజ్ఞ. దినమున కొక కరపత్రము అనసూయాబెన్ పేర వెలువడెను, వ్రాయువారు గాంధీజీ. ఆశ్రమమున నేతశాల పునాదికి ఇసుక కావలసియుండగా, మగన్‌లాల్ గాంధీ సూచనపై కొందరికి ఆ పని ఇచ్చిరి. తలపై ఇసుక తట్టతో అనసూయాబెన్ ముందు నడువగా పనివారు వరుసగా వెంట నడచిరి.

అయినను ఇసుక తట్టలు ఎందరి కడుపులు నింపును? రెండు వారములు గడచునప్పటికి ముఖములు వాడినవి. మార్చి 12న యజమానులు తలుపులు తెరచి, 20కి ఒప్పుకొనువారు రావచ్చునని చాటించిరి. కొందరు పోజొచ్చిరి. జుగల్‌దాస్ చాళ్లలోని పనివారిని సభకు పిలువబోగా, కారులో వచ్చి కారులో పోవువారికిని, విందు భుజించువారికిని ఆకలి బాధ యేమి తెలియునని వారు పలికిరి. ఆ మాట గాంధీజీ చెవిని పడెను. మార్చి 15 ఉదయపు సభలో, తగవు తీరువరకు గాని, పనివారందరు మిల్లులు విడిచిపోవువరకు గాని అన్నము ముట్టనని వారి నోట అప్రయత్నముగా వెలువడెను. పనివారు కన్నీరు కార్చిరి. ఉపవాసము మీరు చేయవలదు, మేము చేయుదుమని వేడుకొనిరి. అనసూయాబెన్ తానును ఉపవసింతుననగా గాంధీజీ వారించిరి.

ఉపవాసము పనివారిని నిలుపుటకు ఉద్దేశింపబడినది. కాని అది తాకినది యజమానులను. గాంధీజీ ప్రాణము తమ తలమీదికి వచ్చునని వారు కలత చెందిరి. తమకు నచ్చిన కారణము వలనగాక ఆయనపైగల ప్రేమ వలన లొంగిపోవలసి వచ్చెను. ఈ దోషమును శత్రువులు వేలు చూపువరకు గాంధీజీ ఆగలేదు. యజమానులతో తమకు గాఢమైన స్నేహము కలదనియు, తమ ఉపవాసము వారిని ప్రభావితులను చేయకపోదనియు, సత్యాగ్రహి వారిపై ఉపవాసము చేయరాదనియు ఆత్మకథలో ఒప్పుకొనిరి. దోషము తెలిసియు ఉపవాసము మానలేకపోవుటకు కారణము పనివారి ప్రతిజ్ఞ. గెలుపుపై తమ పాలు ఎంతయని లెక్కించుకొను నాయకులు పలువురు. ఆ గెలుపులో మచ్చ ఎచటనున్నదో చూపినవారు ఎందరు?

మూడు దినముల ఉపవాసము తరువాత ఒప్పందము జరిగెను. కొత్త మధ్యవర్తి ఆచార్య ఆనందశంకర్ ధ్రువ, పండితుడు, ఇరుపక్షములకును సమ్మతమైనవాడు. ఆయన తీర్పు వెలువడినపుడు హెచ్చుతగ్గులు సరిచూచుకొనవలయునని నిశ్చయించిరి. ఆ సంతోషమున తుమ్మచెట్టు క్రిందనే మిఠాయి పంచబూనిరి. మూడు వారములు క్రమము తప్పక కూర్చున్నచోట ఆనాడు మాత్రము పెద్ద గొడవ చెలరేగెను. నగరమునందలి బిచ్చగాండ్రు సంగతి తెలిసి వచ్చి పైబడిరట. మిగిలిన మిఠాయిని మీర్జాపూరులోని అంబాలాల్ బంగళాలో ఉంచి, మరునాడు ఆ ప్రాకారములోపలనే పంచిరి. తలుపు మూసినవాని ముంగిట తలుపు మూయబడినవారు మిఠాయి తినిరి.

ఆగస్టులో ధ్రువ తీర్పు వెలువడెను: నూటికి 35.

1920 ఫిబ్రవరి 25న అహమ్మదాబాదున మజూర్ మహాజన్ అను కార్మిక సంఘము స్థాపింపబడెను. మహాజన్ యనునది గుజరాతున వర్తకుల శ్రేణులకు పూర్వము నుండియు గల పేరు; దానిని పనివారు తమకు తీసికొనిరి. ఆ సంవత్సరముననే శాశ్వత మధ్యవర్తుల సంఘము ఏర్పడగా, పనివారి తరఫున గాంధీజీయు, యజమానుల తరఫున మంగళదాస్ గిర్ధర్‌దాసును కూర్చుండిరి. మూడవవాడు ఏలయని 1918లో అడిగినవారే మూడవవానికి పీట వేసిరి. అంతమాత్రమున అన్నియు చక్కబడలేదు. 1923లో యజమానులు కూలి తగ్గింపగా సమ్మె జరిగి, పనివారు తగ్గింపునకు లోబడవలసి వచ్చెను. ఈ సంఘమున పనిచేసిన గుల్జారీలాల్ నందా తరువాత దేశమునకు కార్మిక మంత్రియై, రెండుమార్లు తాత్కాలిక ప్రధానియు అయ్యెను.

మధ్యవర్తిని ఎవరు నియమింపవలయునను ప్రశ్న స్వతంత్రము వచ్చిన తరువాత తిరిగి లేచెను. 1952లో కేంద్ర కార్మిక మంత్రియైన వరాహగిరి వెంకటగిరి, ప్రభుత్వము బలవంతముగా విధించు న్యాయనిర్ణయముకంటె ఇరుపక్షములు కూడి మాటలాడుకొనుట మేలని వాదించెను. కుదరనిచో తమ సమ్మతితో మధ్యవర్తిని ఎన్నుకొనవలయుననెను. ఆ పద్ధతికి గిరి మార్గమని పేరు వచ్చెను. కాని న్యాయస్థానము ఒకమారు తీర్పు చెప్పిన తరువాత దానిని మార్చు అధికారము ప్రభుత్వమునకు ఉండరాదని ఆయన నమ్మకము. బ్యాంకు ఉద్యోగుల కూలి విషయమున అప్పీలు న్యాయస్థానము ఇచ్చిన తీర్పును ప్రభుత్వము సవరింపగా 1954లో మంత్రిపదవికి రాజీనామా ఇచ్చెను.