పాదానికి చక్రం

తప్పటడుగులు వేసే పసిబిడ్డకు వడ్రంగి చేత మూడు చక్రాల చెక్కబండిని చేయించి ఇవ్వడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. బిడ్డ ఆ బండిని పట్టుకొని నిలుస్తుంది, మెల్లగా తోస్తుంది, దాని వెంట అడుగులు వేస్తుంది. కాళ్లకు బలం చేకూరగానే బండి అటక ఎక్కుతుంది. అక్కడ చక్రం నడకను నేర్పే గురువు. నడక వచ్చిన పిల్లలకు అదే చక్రం నేడు వేగాన్ని రుచి చూపే నేస్తమైంది. పాదరక్షల అడుగున చక్రాలు అమర్చుకొని నేలపై జారిపోవడం ఈనాటి బాలబాలికలకు ఎంతో ప్రీతిపాత్రమైన ఆట. ఆటగా అది శరీరానికి దార్ఢ్యాన్ని, మనస్సుకు ఉల్లాసాన్ని ఇస్తుంది. అదే ఆట జనసమ్మర్దం గల ఉద్యానవనాల్లోనూ, వినోదస్థలాల్లోనూ, యాత్రాస్థలాల్లోనూ ప్రమాదహేతువవుతుంది. ఒకే వస్తువు ఒకచోట క్రీడాసాధనంగా, మరొకచోట అపాయకారణంగా ఎందుకు మారుతుందో తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

చక్రాల పాదరక్షల చరిత్ర ప్రమాదంతోనే ఆరంభమైనదంటే ఆశ్చర్యం కలుగుతుంది. నేటి బెల్జియం దేశంలోని హ్యుయి పట్టణంలో 1735లో జన్మించిన జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్రశిల్పి 1760లో లండన్ నగరానికి చేరాడు. గడియారాలు, సంగీతవాద్యాలు, విచిత్రయంత్రాలు నిర్మించడంలో ఆయన దిట్ట. లోహచక్రాలు గల పాదరక్షలను తయారుచేసి, వాటిని తొడుక్కొని, వయొలిన్ వాయిస్తూ ఆయన ఒక విందుమందిరంలో ప్రవేశించాడట. అతిథులతో కిక్కిరిసిన ఆ మందిరంలో ఆయనకు ఆగడం గానీ, మలుపు తిరగడం గానీ సాధ్యం కాలేదు. ఎదుటి గోడకున్న ఐదువందల పౌండ్ల విలువ గల నిలువుటద్దాన్ని ఢీకొన్నాడు. అద్దం ముక్కలైంది, వయొలిన్ విరిగింది, మెర్లిన్ తీవ్రంగా గాయపడ్డాడు. ఆయన మరణానంతరం గ్రంథస్థమైన ఈ వృత్తాంతంలో ఒక సత్యం దాగి ఉంది. ముందుకు సాగే ఉపాయాన్ని కనుగొన్న మేధావి ఆగే ఉపాయాన్ని ఆలోచించలేదు. పైగా జనం నిండిన గదిని తన ప్రయోగశాలగా ఎంచుకున్నాడు.

ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దినవాడు అమెరికా దేశీయుడైన జేమ్స్ ప్లింప్టన్. ఆయన 1863లో న్యూయార్క్‌లో ముందు రెండు, వెనుక రెండు చక్రాలు గల స్కేట్లను రూపొందించాడు. శరీరాన్ని ఒకవైపుకు వంచితే ఆ వైపునకే మలుపు తిరిగే ఏర్పాటు వాటిలో ఉంది. అంతటితో ఆయన తృప్తిచెందలేదు. 1866లో న్యూపోర్ట్ అనే పట్టణంలోని ఒక హోటల్ భోజనశాలను స్కేటింగ్ కోసం సిద్ధపరచి ప్రజలకు అందుబాటులోకి తెచ్చాడు. చక్రాల పాదరక్షతో పాటు దానికి తగిన చోటును కూడా కల్పించడం ఆయన దూరదృష్టికి నిదర్శనం. స్కేటింగ్ రింక్ అనే ఆవరణ ఈ ఆలోచన నుంచే వ్యాప్తిలోకి వచ్చింది. రింకులో నేల నునుపుగా ఉంటుంది. అందరూ ఒకే దిశలో సాగుతారు. అక్కడ ఉన్న ప్రతి ఒక్కరూ చక్రాలతో ఆడడానికే వచ్చినవారు.

2000 సంవత్సరంలో ఈ చరిత్ర మరొక మలుపు తిరిగింది. రోజర్ ఆడమ్స్ అనే అమెరికన్ సాధారణమైన బూటు మడమలో ఒక చిన్న చక్రాన్ని అమర్చి, హీలీస్ అనే పేరుతో విపణిలోకి తెచ్చాడు. పూర్వపు స్కేట్లను చూడగానే ఇవి ఆటవస్తువులని ఎవరికైనా తెలిసిపోయేది. ఈ బూటు అట్లా కాదు. మునివేళ్లపై బరువు మోపితే మామూలు నడక. మునివేళ్లను పైకెత్తి మడమలపై బరువు మోపితే జారుడు పరుగు. అందువల్ల స్కేట్లకు ప్రవేశం లేని చోట్లకు సైతం చక్రం గుట్టుగా ప్రవేశించింది. ఆ తరువాత అనేక సంస్థలు ఇటువంటి పాదరక్షలను తయారుచేశాయి. మీట నొక్కగానే చక్రాలు లోపలికి ముడుచుకుపోయేవి కూడా వచ్చాయి.

ఈ పాదరక్ష పనిచేసే తీరును కొంత నిశితంగా పరిశీలిద్దాం. మనం నిలబడినప్పుడు శరీరభారం మడమ నుంచి మునివేళ్ల దాకా అరికాలి పొడవునా పరచుకొని ఉంటుంది. మడమచక్రంపై జారేటప్పుడు ఆ భారమంతా రెండు చిన్న బిందువులపై నిలవాలి. అందుకే ఒక పాదాన్ని ముందుకు, మరొక పాదాన్ని వెనుకకు ఉంచి తూకం నిలుపుకోవలసి వస్తుంది. ఆగాలంటే మునివేళ్లను మరింత పైకెత్తి, మడమ వెనుక అంచును నేలకు ఒరిపించాలి. ఇది సాధన వల్ల మాత్రమే అలవడే నేర్పు. సాధన లేని బాలుడు బెదిరినప్పుడు వెనుకకు వాలతాడు. వాలినవాడు అసంకల్పితంగా అరచేతిని నేలకు ఆనిస్తాడు. పడిన బరువంతా మణికట్టుపై పడుతుంది.

దీనికి చక్రం పరిమాణం కూడా తోడవుతుంది. ఎడ్లబండి చక్రం పెద్దది కనుక గతుకులను, రాళ్లను దాటుకుంటూ పోగలదు. మడమలో ఇమిడే చక్రం వ్యాసం కొద్ది సెంటీమీటర్లే. దానికి చిన్న గులకరాయి కూడా గట్టువంటిది. మన వినోదస్థలాల నేలను గమనించండి. పలకరాళ్ల మధ్య సందులు, నేలపై పరచిన విద్యుత్తు తీగలు, వేరుశనగ పొట్టు, ఒలికిన పానీయాలు అడుగడుగునా కనిపిస్తాయి. వీటిలో ఏది అడ్డుపడినా చక్రం ఆగిపోతుంది. పైనున్న శరీరం మాత్రం ఆగదు.

2006 వేసవిలో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని టెంపుల్ స్ట్రీట్ బాలల వైద్యశాలకు పది వారాల వ్యవధిలో చక్రాల పాదరక్షల వల్ల గాయపడిన 67 మంది పిల్లలు వచ్చారు. అక్కడి వైద్యులు ఆ వివరాలను 2007లో ఒక వైద్యపత్రికలో ప్రకటించారు. గాయాల్లో ఎక్కువ భాగం చేతులకే తగిలాయి. ఎదుగుతున్న పిల్లల ఎముకల చివర్లలో మృదువైన పెరుగుదల భాగం ఉంటుంది. ఆ భాగం దెబ్బతింటే ఎముక ఎదుగుదలకే ఆటంకం కలగవచ్చు. తలకు శిరస్త్రాణం, మణికట్టుకు, మోచేతికి, మోకాలికి రక్షణకవచాలు ధరించాలని నిపుణులు చెప్పడం ఇందుకే. స్కేట్లు కట్టుకొనేటప్పుడు వీటిని ధరించే పిల్లలు కూడా, బూటు తొడుక్కొనేటప్పుడు వీటిని స్మరించరు. బూటు రూపమే వారిని ఏమరుస్తుంది.

ఇంతవరకు చక్రం తొడిగినవారి క్షేమాన్ని గురించి చెప్పుకొన్నాం. తొడగనివారి మాట ఏమిటి? మామూలుగా నడిచే మనిషి గంటకు సుమారు 4 కిలోమీటర్ల వేగంతో సాగుతాడు. చక్రాలపై జారే బాలిక గంటకు 12 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నదనుకుందాం. ఆమె ప్రతి సెకనుకు 3 మీటర్లకు పైగా దూసుకుపోతుంది. వేగం మూడింతలైతే గతిజశక్తి తొమ్మిదింతలవుతుందని భౌతికశాస్త్రం బోధిస్తుంది. గుంపులో మనిషికీ మనిషికీ మధ్య దూరం ఒక చేతిపొడవు కూడా ఉండదు. ప్రమాదాన్ని కంటితో చూసి, మనస్సుతో గ్రహించి, పాదాన్ని కదిలించే లోపలే ఆ దూరం హరించుకుపోతుంది. ఢీకొన్న బాలిక లేచి దుమ్ము దులుపుకోవచ్చు. ఆమె తాకిడికి పడిపోయిన వృద్ధురాలికి తుంటి ఎముక విరిగితే శస్త్రచికిత్స తప్పదు. నెలల తరబడి మంచం పట్టవలసి రావచ్చు. కొందరు మళ్లీ పూర్వంవలె నడవలేరు. ఒకరి క్షణికానందానికి మరొకరు శేషజీవితాన్ని మూల్యంగా చెల్లించడం న్యాయం కాదు.

ఈ విషయం సుబోధకం కావడానికి పాలంపేటను తలచుకుందాం. పూర్వపు వరంగల్ జిల్లాలో, నేటి ములుగు జిల్లాలో ఉన్న ఈ గ్రామంలో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో శివాలయాన్ని నిర్మింపజేశాడు. అదే లోకప్రసిద్ధమైన రామప్ప దేవాలయం. 2021 జూలై 25న దీనికి యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు లభించింది. సెలవు దినాల్లో విద్యార్థులు, కుటుంబాలు, దేశవిదేశాల యాత్రికులు ఇక్కడికి తరలివస్తారు. ఆలయం సుమారు ఆరడుగుల ఎత్తు గల నక్షత్రాకార పీఠంపై నిలిచి ఉంది. దాని చుట్టూ ప్రదక్షిణపథం ఉంది. నక్షత్రానికి కోణాలు ఎక్కువ కనుక మలుపు అవతల ఎవరు వస్తున్నారో ఇవతలివారికి వెంటనే కనిపించదు.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. రామప్పలో యాత్రికుల చూపు నేలపై ఉండదు. చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికల వైపు, నాగిని వైపు, కప్పుపై చెక్కిన శిల్పాల వైపు వారు తలలెత్తి చూస్తూ నడుస్తారు. అట్లా చూడడానికే వారు అంత దూరం వచ్చారు. వినోదస్థలాల్లోనూ ఇదే స్థితి. 1938 నుంచి హైదరాబాదు నగరంలో జరుగుతున్న నుమాయిష్ ప్రదర్శనలో రంగులరాట్నం కింద నిలబడిన తండ్రి తన బిడ్డ కూర్చున్న తొట్టివైపే చూస్తుంటాడు. అద్భుతాన్ని చూసే చోట మనిషి పరిసరాలను మరుస్తాడు. ఆ మైమరపు అతని హక్కు. చక్రాల పాదరక్షతో గుంపులోకి దూసుకువచ్చే బాలుడు తనకు తెలియకుండానే ఆ హక్కును హరిస్తున్నాడు. అతడు ఒక్కడు ఆడుకోవడానికి వందమంది జాగరూకులై ఉండవలసి వస్తుంది.

రామప్ప పీఠం ఎక్కేవారు పాదరక్షలను కిందనే విడుస్తారు. ఇది భక్తితో కూడిన ఆచారమే అయినా ఇందులో లౌకికమైన వివేకం కూడా ఉంది: పాదానికి ఏది తగునో చోటు నిర్ణయిస్తుంది. అదే ఆలయంలోని ఒక మదనిక ఎత్తుమడమల చెప్పులను పోలిన పాదరక్షలు ధరించి ఉండడం చూపరులను ఆకర్షిస్తుంది. ఎనిమిది శతాబ్దాల నాటి శిల్పి పాదాన్ని, పాదరక్షను అంత శ్రద్ధగా గమనించాడు. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని రచించిన నృత్తరత్నావళిలో నర్తకుల పాదాల నిలుకడలు, కదలికలు శాస్త్రీయంగా వర్ణితమయ్యాయి. కదలికకు అందం నిలుకడ వల్ల కలుగుతుందని ఆ కాలపు కళాకారులు ఎరుగుదురు. చక్రాలపై సాగే క్రీడకూ ఈ సూత్రం వర్తిస్తుంది.

పిల్లలను గద్దించి, చక్రాలను నిషేధించి ఊరుకుంటే సమస్య తీరదు. పట్టణాల్లో ఇరుకు సందులు, వాహనాలు నిండిన వీధులు, మైదానాలు లేని పాఠశాలలు పెరిగాయి. ఇంటివద్ద చోటు దొరకని బాలుడు చదునైన నేల కనబడిన చోటల్లా చక్రాలు కదిలిస్తాడు. అది అతని అపరాధం మాత్రమే అనలేం. తగిన చోటు, శిక్షణ లభిస్తే ఈ క్రీడలో మనవారు ఎంత ఎత్తుకు ఎదగగలరో హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ నిరూపించాడు. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆయన కళాత్మక రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్య పతకాలు సాధించాడు. 2015లో అర్జున పురస్కారం అందుకున్నాడు. హైదరాబాదులోని ఇందిరా పార్కులోనూ, విశాఖపట్నంలోని వుడా పార్కుగా పేరొందిన ఉద్యానవనంలోనూ స్కేటింగ్ రింకులు ఏర్పాటయ్యాయి. ఇటువంటివి ప్రతి పట్టణంలోనూ వెలిస్తే, జనం నడిచే దారుల్లో చక్రాలు తగ్గుతాయి.

ఈ విషయంలో మూడు వర్గాలకు బాధ్యత ఉంది. మొదటిది నిర్వాహకులది. అమెరికాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ వినోద ఉద్యానవనాల్లోకి చక్రాలు అమర్చిన పాదరక్షలను అనుమతించరు. మన వినోదస్థలాల ద్వారాల వద్ద కూడా ఈ నియమాన్ని తెలుగులో స్పష్టంగా రాయించాలి. పలురకాల బూట్లలో చక్రాన్ని ఊడదీసి, ఆ ఖాళీలో బిరడా బిగించే వీలుంది. కనుక చక్రాలను ద్వారం వద్దనే భద్రపరచే ఏర్పాటు చేస్తే బాలుని బూటు అతని కాలికే ఉంటుంది. స్థలం ఉన్నచోట కంచెతో కూడిన ప్రత్యేక ఆవరణను కల్పించవచ్చు. రెండవ బాధ్యత తల్లిదండ్రులది. బూటు కొనే రోజుననే రక్షణకవచాలను కూడా కొనడం, ఆగడం వచ్చిన తరువాతనే సాగడానికి అనుమతించడం వారి విధి. మూడవ బాధ్యత విద్యార్థులది. మీ ఇంట తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పాదరక్షలు ధరిస్తుంటే వారికి మొదటి శిక్షకులు మీరే. పెద్దల గద్దింపు కన్నా అన్న మాట, అక్క మాట పిల్లల చెవికి త్వరగా ఎక్కుతుంది.

చక్రం మానవుడు సాధించిన మహోపకరణాల్లో ఒకటి. బండికి అమర్చితే భారాన్ని మోసింది, కుమ్మరి చేతిలో కుండను తీర్చింది, రాట్నమై నూలు వడికింది. ఈ మూడు చోట్లా అది తన దారిలో, తన ఇరుసుపై తిరిగింది. పాదానికి తొడిగిన చక్రానికి ఇరుసు లోహంతో చేసినదే అయినా, దాని దారిని నిర్ణయించేది తొడిగినవారి వివేకమే. తోటివారు నిర్భయంగా తలెత్తి నడవగలిగే చోట చక్రాన్ని విప్పి చేతపట్టుకోవడం సంస్కారం. ఆడుకునే చోట దాన్ని తొడుక్కొని ఆనందించడం బాల్యానికి గల హక్కు. ఈ రెండింటినీ కాపాడిన సమాజమే పిల్లలనూ, వృద్ధులనూ సమానంగా ఆదరించిన సమాజం అవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు
జనసమ్మర్దం = జనుల రద్దీ
దార్ఢ్యం = గట్టిదనం
విపణి = అంగడి
అసంకల్పితంగా = తలపెట్టకుండానే
శిరస్త్రాణం = తలను రక్షించే కవచం
గజసాహిణి = ఏనుగుల దళానికి అధిపతి

అభ్యాసం
I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చక్రాల పాదరక్షల పరిణామక్రమాన్ని వివరించండి.
2. జనసమ్మర్దం గల చోట్ల చక్రాల పాదరక్షలు ప్రమాదహేతువులు కావడానికి గల కారణాలను విశ్లేషించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. జాన్ జోసెఫ్ మెర్లిన్ వృత్తాంతం వల్ల మనం గ్రహించవలసినదేమిటి?
2. రామప్ప దేవాలయాన్ని రచయిత ఏ ప్రయోజనంతో ఉదాహరించాడు?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. పాదానికి ఏది తగునో చోటు నిర్ణయిస్తుంది.
2. ఆ మైమరపు అతని హక్కు.