చూసినవాళ్ల దగ్గర మిగిలిన సీరియళ్లు

కర్నూలులోనైనా కడపలోనైనా నలభై దాటినవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే మాట ఎప్పుడో ఒకప్పుడు పాత సీరియళ్ల మీదికి పోతుంది. ఒకరికి పేరు గుర్తుంటుంది, కథ గుర్తుండదు. ఒకరికి టైటిల్ పాట మొత్తం వస్తుంది, సీరియల్ పేరు మాత్రం నోటికి రాదు. ఇంకొకరికి అది ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చేదో కచ్చితంగా తెలుసు. ఆ తర్వాత ఎవరో ఒకరు ఫోన్ తీసి యూట్యూబ్‌లో వెతుకుతారు. ‘అమృతం’ అయితే వెంటనే దొరుకుతుంది. దూరదర్శన్‌లో పదమూడు వారాలు వచ్చి వెళ్లిపోయిన ఏ పాత తెలుగు సీరియలో అయితే చాలాసార్లు ఖాళీ చేతులే. ఈ వెతుకులాటను కాలక్షేపమనో, వయసు మీద పడ్డవాళ్ల గతకాలపు మమకారమనో తేలిగ్గా తీసిపారేస్తుంటారు. కానీ ఇది మన ఇటీవలి చరిత్రలో ఎవరూ రాసిపెట్టని ఒక భాగాన్ని కూడగట్టే పని. ఆ పని నిర్మాతల గోదాముల్లో కన్నా ప్రేక్షకుల ఇళ్లలోనే మొదలవ్వాలి. అందులోనూ స్టూడియోలకు దూరంగా ఉన్న కర్నూలు, కడప లాంటి ఊళ్ల సాక్ష్యం లేకుండా అది పూర్తికాదు.

కొన్ని సీరియళ్లు మిగలడానికి, కొన్ని మాయమవడానికి కారణం వాటి మంచిచెడ్డలు కాదు. టేపు ఎవరి చేతిలో ఉండిపోయిందన్నదే అసలు సంగతి. దూరదర్శన్ కార్యక్రమాలు స్థూలంగా మూడు దారుల్లో వచ్చేవి. కొన్నింటిని కేంద్రమే తన స్టూడియోలో తీసుకునేది. కొన్నింటిని డబ్బిచ్చి బయటి నిర్మాతతో తీయించుకునేది. ఇక స్పాన్సర్డ్ సీరియళ్లను నిర్మాత సొంత ఖర్చుతో తీసి, ప్రసార సమయానికి రుసుము కట్టి, ప్రకటనల మీద పెట్టుబడి రాబట్టుకునేవాడు. ఈ మూడో రకంలో హక్కులు చాలావరకు నిర్మాతవే. ఆ నిర్మాత ఇంకో వ్యాపారంలోకి వెళ్లిపోయినా, కంపెనీ మూతపడినా టేపుల సంగతి పట్టించుకునే నాథుడుండడు. పైగా ఆనాటి యూమాటిక్, బీటాక్యామ్ టేపులు ఖరీదైనవి, చెరిపి మళ్లీ వాడుకోదగినవి. రెండోసారి ప్రసారం చేసే ఆలోచన లేనప్పుడు కార్యక్రమాన్ని దాచడం కన్నా టేపును తిరిగి వాడుకోవడమే లాభమని ప్రపంచమంతటా టీవీ సంస్థలు లెక్క వేసుకున్నాయి. ‘అమృతం’ కథ దీనికి పూర్తిగా ఎదురు. గుణ్ణం గంగరాజు రూపొందించిన ఈ హాస్య సీరియల్ 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమిని టీవీలో 313 ఎపిసోడ్లు నడిచింది. తీసినవాళ్లు దాన్ని భద్రంగా దాచుకుని, తర్వాత తామే యూట్యూబ్‌లో పెట్టారు. అందుకే అది మొదటిసారి వచ్చేనాటికి పుట్టని పిల్లలు కూడా ఇవాళ అందులోని మాటలు వాడుతున్నారు.

ఇప్పుడు ఈ చరిత్రను రాయలసీమ వైపు నుంచి చూద్దాం. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. కర్నూలు అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైన, కడప ఇంకా దూరం, నడుమ నల్లమల. స్టూడియో ఉన్న ఊరి టవర్ నుంచి వచ్చే సిగ్నల్ అంత దూరం నేరుగా అందదు. 1984 ప్రాంతంలో దేశమంతటా తక్కువ శక్తి గల ట్రాన్స్‌మిటర్లు వరసగా పెట్టారు. అవి మొదట్లో చాలావరకు ఉపగ్రహం మీదుగా వచ్చే ఢిల్లీ ప్రసారాన్నే అందించేవి. దేశంలో మొదటి పెద్ద ధారావాహికగా పేరుపడ్డ ‘హమ్ లోగ్’ మొదలైంది కూడా ఆ 1984 జులై 7నే. 1987 జనవరిలో ‘రామాయణ్’, 1988 అక్టోబరులో ‘మహాభారత్’ వచ్చాయి. కాబట్టి హైదరాబాద్ ప్రేక్షకుడు టీవీని తెలుగులో అలవాటు చేసుకుంటే, చిన్న ట్రాన్స్‌మిటర్ల కింద ఉన్న ఊళ్ల ప్రేక్షకులు చాలామంది హిందీలో అలవాటు చేసుకున్నారు. కర్నూలు, కడప పాతబస్తీల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఎక్కువ. అక్కడ ఆ హిందీ సంభాషణలు పూర్తిగా పరాయివి కావు. ఆ తర్వాత 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి, మిద్దెల మీది యాంటెన్నాల పక్కన కేబుల్ వైర్లు వేలాడాయి, రోజువారీ తెలుగు సీరియల్ ఇంటి అలవాటైంది. హైదరాబాద్‌లో కూర్చుని రాసే తెలుగు టీవీ చరిత్రలో ఈ వరస కనిపించదు. ఏ సీరియల్ ఎప్పుడు తయారైందో నిర్మాత చెప్పగలడు. అది ఏ ఊరికి ఎప్పుడు చేరిందో, ఏ భాషలో అర్థమైందో, ఎవరింట్లో ఎంతమంది కూడి చూశారో చెప్పగలిగేది చూసినవాళ్లే.

అలాగని ఇళ్లలో టేపులు గుట్టలుగా ఉంటాయనుకోకూడదు. విదేశీ అభిమానులు టీవీ నుంచి రికార్డు చేసి పెట్టుకున్నంత విరివిగా మన చిన్న పట్టణాల్లో జరగలేదు. 1980ల్లో వీడియో అంటే మన దగ్గర ప్రధానంగా అద్దె వ్యవహారం. పండక్కో ఫంక్షన్‌కో టీవీని, వీసీపీని, నాలుగైదు సినిమా క్యాసెట్లను అద్దెకు తెచ్చుకుని రాత్రంతా చూసేవాళ్లు. వీసీపీ ఆడించగలదే గానీ రికార్డు చేయలేదు. రికార్డు చేసే వీసీఆర్ కొన్న ఇళ్లు తక్కువ, వాటిలో సీరియల్ కోసం ఖాళీ క్యాసెట్ ఖర్చు పెట్టినవి ఇంకా తక్కువ. కాబట్టి ఈనాడు కడప బండల అలమరాల్లో, అటకల మీద దొరికే వీహెచ్ఎస్ క్యాసెట్లలో ఎక్కువ భాగం పెళ్లివే. అయినా వాటిని చూడకుండా పారేయడం తప్పు. పెళ్లి అయిపోయాక మిగిలిన టేపు మీద టీవీ కార్యక్రమం రికార్డు చేసుకోవడం ఆనాడు అందరికీ తెలిసిన పొదుపే. వాతావరణం సంగతీ ఉంది. తేమగాలి తగిలే కోస్తాలో టేపుకు బూజు పట్టే భయం ఎక్కువ, పొడి సీమలో తక్కువ. కానీ ఎండాకాలపు వేడి, దుమ్ము ఇక్కడి శత్రువులు. వీటన్నిటికీ మించి, 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచేసినప్పుడు ఇళ్లలోని పుస్తకాలు, ఫోటోలు, క్యాసెట్లు ఎన్ని పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకే ఇంట్లో, ఒకే ప్రతిగా ఉన్నది ఎంత సులువుగా పోతుందో చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

టేపు లేనప్పుడు వెతుకులాట కాగితం మీద మొదలుపెట్టాలి. దినపత్రికలు ఆనాడు రోజూ టీవీ కార్యక్రమాల పట్టిక వేసేవి. గ్రంథాలయాల్లో పాత పత్రికల ఫైళ్లు ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ సీరియల్ పేరు, రోజు, సమయం అచ్చులో దొరుకుతాయి. రెండో ఆధారం కథ మూలం. తెలుగు సీరియళ్లలో చాలావాటికి వెనక ఒక రచయిత ఉన్నారు. మంజులా నాయుడు దర్శకత్వంలో దూరదర్శన్‌లో వచ్చిన ‘రుతురాగాలు’కు కథ యద్దనపూడి సులోచనారాణిది. అంటే కథ మాత్రమే గుర్తున్నవాళ్లు ఆనాటి నవలల నుంచి వెనక్కి వెళ్లి సీరియల్ పేరు పట్టుకోవచ్చు. మూడో ఆధారం నటుల జీవిత వివరాలు. ధర్మవరపు సుబ్రహ్మణ్యానికి సినిమాల కన్నా ముందు ఇంటింటా గుర్తింపు తెచ్చింది దూరదర్శన్ ‘ఆనందో బ్రహ్మ’. ఇలాంటి వివరం ఒకటి తెలిస్తే సీరియల్ ఏ కాలానిదో సుమారుగా తేలుతుంది. నాలుగోది డబ్బింగ్. తెలుగులో ‘పిన్ని’గా ఇంటింటా మోగిన రాధిక సీరియల్ అసలు 1999లో సన్ టీవీలో మొదలైన తమిళ ‘చిత్తి’. తెలుగు ప్రతి దొరక్కపోయినా తమిళ మాతృక దొరికితే కథ వరస తెలిసిపోతుంది. ఈ నాలుగింటినీ కలిపి చూస్తే, ఒక్క ఎపిసోడ్ కూడా కళ్లబడకుండానే సీరియల్‌కు నమ్మదగిన వివరపట్టిక తయారుచేయవచ్చు.

జ్ఞాపకాన్ని నమ్మి చరిత్ర ఎలా రాస్తామని ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. న్యాయమైన అభ్యంతరమే. మనుషులు రెండు సీరియళ్లను కలిపేసి గుర్తుంచుకుంటారు, ఒక నటి చేసిన పాత్రను ఇంకొకరికి అంటగడతారు, దూరదర్శన్‌లో వచ్చినదాన్ని ఈటీవీకి ఇచ్చేస్తారు. దానికి జవాబు కడపలోనే ఉంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాతి ఏళ్లలో వేమన పద్యాలకు దొరికినన్ని రాతప్రతులు సేకరించి, పండితులను జీతమిచ్చి పెట్టుకుని, ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, 1829లో అచ్చుకు ఇచ్చాడు. ఏ ఒక్క ప్రతీ నూటికి నూరుపాళ్లు సరైంది కాదని ఆయనకు తెలుసు. అందుకే ఒక్క ప్రతిని నమ్ముకోలేదు, అన్నింటినీ ఎదురెదురుగా పెట్టాడు. పాత సీరియళ్ల విషయంలోనూ పద్ధతి ఇదే కావాలి. ఒకరి మాట సూచన మాత్రమే. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు ముగ్గురు అదే చెబితే దానికి బలం వస్తుంది. పత్రికలోని పట్టికతో సరిపోలితే అప్పుడు అది వాస్తవం. సరిపోలనిది సరిపోలనట్టే రాసిపెట్టాలి. బ్రౌన్ బంగళా ఉన్న చోట ఇవాళ ఆయన పేరనే భాషా పరిశోధన కేంద్రం నడుస్తున్న కడపకు ఈ పద్ధతి కొత్తగా నేర్పక్కర్లేదు.

ఈ మార్గం పనిచేస్తుందని బయటి ప్రపంచం ఇప్పటికే రుజువు చేసింది. బీబీసీ 1960, 70 దశకాల్లో తన టేపులను చెరిపేసుకోవడంతో ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లు వంద దాకా గల్లంతయ్యాయి. విదేశీ టీవీ కేంద్రాలకు అప్పట్లో అమ్మిన ఫిల్ము ప్రతుల జాడ పట్టుకుని వెళితే, నైజీరియాలోని ఒక కేంద్రంలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికాయని 2013లో ప్రకటించారు. చిత్రం దొరకని ఎపిసోడ్లకు కూడా శబ్దం మిగిలింది. టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి రికార్డు చేసుకున్న ప్రేక్షకుల పుణ్యమది. అమెరికా రోజువారీ సీరియల్ ‘డార్క్ షాడోస్’ 1,225 ఎపిసోడ్లలో ఒక్కటే పోయింది. దాన్నీ ఒక అభిమాని దగ్గరున్న శబ్దం ఆధారంగా తిరిగి కూర్చారు. ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే ఆవిడ 2012లో చనిపోయేదాకా దశాబ్దాల పాటు ఇంట్లో టీవీ రికార్డు చేస్తూ సుమారు 70,000 టేపులు పోగుచేశారు. మన దగ్గరా ఆడియో క్యాసెట్లు వీడియో క్యాసెట్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేవి. టైటిల్ పాట కోసం టేప్ రికార్డర్ బటన్ నొక్కినవాళ్లు కర్నూలు, కడపల్లోనూ ఉండే ఉంటారు. వీడియోల కోసమే చూస్తూ ఆడియో క్యాసెట్లను వదిలేయడం ఈ వేటలో పెద్ద పొరపాటు అవుతుంది.

అసలు ఏడుపులు, అత్తాకోడళ్ల కుట్రలు నిండిన సీరియళ్లకు ఇంత శ్రమ ఎందుకని ఇంకొందరు అంటారు. ఆ సీరియళ్లలో చాలావరకు సాగదీతేనని ఒప్పుకోవచ్చు. ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ ఒక్కొక్కటి వెయ్యికి పైగా ఎపిసోడ్లు సాగాయి. అంత పొడవున ప్రతి ఎపిసోడూ ఆణిముత్యం కాబోదు. కానీ చరిత్రకు పనికొచ్చేది కళాఖండం ఒక్కటే కాదు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస కుటుంబం నాటకం మొదలుపెట్టినప్పుడు అది జనం వినోదమే. ఆనాటి ప్రదర్శన ఎలా ఉండేదో చూసే వీలు మనకు లేదు, ఇవాళ దానికి ఎంత గౌరవమిచ్చినా ఆ లోటు తీరదు. సీరియల్‌కు ఆ గతి పట్టాల్సిన అవసరం లేదు. ఇంట్లో ఏ కుర్చీలో ఎవరు కూర్చునేవారు, కట్నం గురించి ఎలా మాట్లాడేవారు, ఉద్యోగం చేసే కోడలిని కథ మెచ్చిందా శిక్షించిందా, సీమ యాసను ఏ పాత్రకు ఇచ్చారు లేక ఎవరికీ ఇవ్వలేదా అన్న ప్రశ్నలకు గొప్ప సినిమాల కన్నా మామూలు సీరియలే నిజాయితీగా జవాబు చెబుతుంది. రోజూ వచ్చేది కాబట్టి అది ఆ రోజుల మామూలుతనాన్ని దాచుకోలేదు.

చట్టం మాటకొస్తే, మరొకరి సీరియల్‌ను అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టడం ముమ్మాటికీ తప్పే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం దృశ్యరూప రచనలకు ప్రచురణ తర్వాత 60 ఏళ్ల రక్షణ ఉంది. 1987 నాటి సీరియల్ 2047 దాకా స్వేచ్ఛగా వాడుకునేందుకు రాదు. అభిమానం ఈ హక్కును కొట్టేయలేదు. అయితే భద్రపరచడం వేరు, పంచిపెట్టడం వేరు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని కాపాడుకోవడానికి డిజిటల్ రూపంలో దాచుకోవచ్చని 2012 సవరణ చెప్పింది. ఇక వివరాల మీద ఎవరికీ కాపీరైట్ లేదు. పేరు, తేదీ, నటీనటులు, రచయిత, కథాసారం సొంత మాటల్లో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రసార భారతి పాత కార్యక్రమాలను యూట్యూబ్‌లో పెడుతోంది, 2024 నవంబరులో ‘వేవ్స్’ వేదిక తెచ్చింది, ఇక మనం చేయాల్సిందేముందన్నది చివరి వాదన. వాళ్లు పెట్టేది వాళ్ల దగ్గర మిగిలింది మాత్రమే. మిగలనిదానికి జాబితా ఎక్కడా లేదు. జాబితా లేని వస్తువు పోయిందని కూడా ఎవరికీ తెలియదు. అయస్కాంత టేపులను డిజిటల్‌లోకి మార్చడానికి 2025 దాటితే చాలావాటి విషయంలో ఆలస్యమైపోతుందని యునెస్కో ముందే హెచ్చరించింది. టేపు చెడకపోయినా దాన్ని ఆడించే యంత్రం, బాగుచేసే మనిషి దొరకడం ఏటేటా కష్టమవుతోంది. మన పట్టణాల్లో పాత పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఫోటో స్టూడియోలే ఆ యంత్రాలకు చివరి దిక్కు. కాబట్టి క్రమం ఇలా ఉండాలి. ముందు పేర్ల జాబితా, తర్వాత పత్రికలతో సరిచూడటం, ఆ వెంటనే అటక మీది క్యాసెట్లు ఆడించి చూడటం, చివరగా హక్కుదారుల దగ్గరికి వెళ్లడం. జాబితా చేతిలో ఉన్నవాళ్లు ఫలానా సీరియల్, ఫలానా ఏడాది అని అడగగలరు. అది లేనివాళ్లు పాత సీరియల్ ఏదైనా ఉందా అని అడుగుతారు, లేదన్న జవాబుతో తిరిగొస్తారు.